రొట్టెముక్కను పోలినంత మాత్రాన అది ఫ్లై కాకుండా పోదు

సంపాదకులకు నమస్కారం.

ఇటీవల మీ ఆదివారం అనుబంధంలో ఫ్లై ఫిషింగ్ గురించి వచ్చిన వ్యాసాన్ని ఆసక్తిగా చదివాను. ఈకలు, దారాలు, జంతువుల వెంట్రుకలు కొక్కేనికి చుట్టి, పురుగు రూపం తెచ్చి, ఫ్లై అని పిలిచే ఆ కట్టుడు ఎరతో చేపను ఆకర్షించే ఈ విద్యను వ్యాసకర్త ఎంతో ఆదరంతో పరిచయం చేశారు. అయితే వ్యాసం చివర రొట్టెముక్కను, మొక్కజొన్న గింజను, చేపగుడ్డును, రాలిన పండును పోలేట్టు కట్టే ఫ్లైలను ఒక్క వాక్యంలో తోసిపుచ్చి, అవి ఎరకు మారువేషాలే తప్ప ఫ్లైలు కావని తీర్మానించారు. పదిహేనేళ్లుగా ఎక్కువగా ఇటువంటి ఫ్లైలనే కడుతూ వస్తున్నవాణ్ని కనుక, ఆ తీర్మానం సరికాదని ఎందుకు అనుకుంటున్నానో కొంచెం వివరంగా చెప్పడానికి మీ పత్రికలో చోటివ్వవలసిందిగా కోరుతున్నాను.

ముందుగా ఫ్లై ఎందుకు పుట్టిందో చూద్దాం. ఫ్లైతో చేపలు పట్టడం గురించి మనకు దొరికే తొలి వర్ణనల్లో ఒకటి క్రీ.శ. 200 ప్రాంతంలో రోమన్ రచయిత ఏలియన్ రాసినది. మాసిడోనియాలో ఆస్ట్రేయస్ అనే నదిలో మచ్చలున్న చేపలు హిప్పూరస్ అనే ఒక ఈగను ఇష్టంగా తింటాయని, కానీ జాలరులు ఆ ఈగను ఎరగా గుచ్చలేరని ఆయన చెప్పాడు. మనిషి చెయ్యి తగిలితే చాలు, ఆ ఈగ రంగు వెలిసిపోతుంది, రెక్కలు వాడిపోతాయి, ఇక చేప దాన్ని ముట్టదు. అందుకని వాళ్లు కొక్కేనికి ఎర్ర ఉన్ని చుట్టి, కోడిపుంజు గొంతు దగ్గర పెరిగే మైనపురంగు ఈకలు రెండు కట్టి వాడేవారట. చేప తినే వస్తువు కొక్కెం మీద నిలవకపోతే దాని రూపాన్ని నిలిచే పదార్థంతో కట్టుకోవాలన్న ఆలోచనే ఈ వర్ణనలో కనిపిస్తుంది. ఆ తినే వస్తువు రెక్కలున్న ప్రాణి అయి తీరాలన్న షరతు ఇందులో ఎక్కడా లేదు.

రొట్టెముక్క విషయంలోనూ సరిగ్గా ఇదే చిక్కు ఎదురవుతుంది. బరువైన ఎరను విసిరేటప్పుడు ఆ ఎర బరువే సన్నని గాలపు దారాన్ని వెంట లాక్కుపోతుంది. ఫ్లై రాడ్‌తో, అంటే ఫ్లై ఫిషింగ్‌కు వాడే గాలపు కర్రతో, విసిరేటప్పుడు బరువంతా లైన్‌లోనే, అంటే గాలపు దారంలోనే ఉంటుంది, చివరనున్న ఫ్లై దాని వెంట ఊరికే పోతుంది. 5 నంబరు లైన్‌లో మొదటి 30 అడుగుల బరువు 140 గ్రెయిన్లు, అంటే సుమారు 9 గ్రాములు. ఆ లైన్ గాలిలో వెనక్కి సాగి, ఒక్క క్షణం ఆగి, మళ్లీ ముందుకు దూసుకుపోయేటప్పుడు చివరన పడే కుదుపు చిన్నది కాదు. నానిన రొట్టె ఆ కుదుపుకు ముందుకు పోకముందే ఊడి ఎక్కడో పడిపోతుంది. ఏలియన్ చెప్పిన ఈగ చేతిలో నిలవనట్టే ఈ రొట్టె గాలిలో నిలవదు. కాబట్టి రొట్టె తినడానికి అలవాటుపడిన చేపను ఫ్లై రాడ్‌తో పట్టాలంటే రొట్టెను కట్టుకోవడం తప్ప దారి లేదు.

రొట్టె, మొక్కజొన్న మనిషి నీళ్లలో వేసినవే కదా, సహజాహారం కానిదాన్ని అనుకరించడం ఎలా సమంజసమని వ్యాసకర్త అడగవచ్చు. ఆ ప్రశ్నకు గౌరవంతోనే జవాబు చెప్పాలి. మొదటిది, ఈ కోవలో చేర్చి తోసిపుచ్చినవాటిలో చాలా వరకు పూర్తిగా సహజాహారాలే. సాల్మన్ చేపలు గుడ్లు పెట్టే కాలంలో వాటి వెనకే ట్రౌట్ చేపలు కాచుకుని ఉండి, గులకరాళ్ల మధ్య నిలవక కొట్టుకొచ్చే గుడ్లను తింటాయి. పసిఫిక్ సాల్మన్ గుడ్లు పెట్టాక చనిపోతాయి. వాటి మాంసం కుళ్లి, రంగు వెలిసి, ముక్కలుగా విడిపోయి ప్రవాహంలో వచ్చేటప్పుడు ట్రౌట్ దాన్నీ తింటుంది. అలాస్కాలో ఆ మాంసపు తునకను అనుకరిస్తూ లేత గులాబీరంగు, మీగడరంగు కుందేలు తోలు పట్టీలతో ఫ్లైలు కడతారు. అమెజాన్ నదీ పరీవాహకంలో వరద ముంచిన అడవుల్లో పాకూ, తంబాకీ వంటి చేపలు చెట్ల నుంచి రాలే పండ్లను, గింజలను బలమైన దంతాలతో కొరికి తిని బతుకుతాయి. నీటి ఒడ్డున మల్బరీ చెట్టుంటే, పళ్లు రాలే రోజుల్లో దాని కింద కార్ప్ చేపలు, అంటే మనం బంగారుతీగ అని పిలిచేవి, గుమిగూడి ఉండడం నేను స్వయంగా ఎన్నోసార్లు చూశాను. పండు నీళ్లలో పడిన చప్పుడుకే అవి అటు తిరుగుతాయి. ఆ పండును ఊదారంగు నురుగుతోనో వెంట్రుకతోనో కట్టినవాడు చేసిన పరిశీలన, నీటి ఈగ రెక్క ఎన్ని గీతలతో ఉందో చూసి కట్టినవాడి పరిశీలనకు ఏ విధంగా తక్కువ?

ఇక మనిషి వేసిన ఆహారం మాటకొస్తే, చేప మాత్రం అది ఎవరు వేశారని అడగదు. పెంపక కేంద్రంలో గుళికల మేత తిని పెరిగి, తర్వాత చెరువులోకో ఏటిలోకో వదిలిన ట్రౌట్‌కు గోధుమరంగు గుళిక నీటిమీద పడడమే ఆహారపు గుర్తు. బాతులకు జనం రొట్టెలు వేసే చెరువులో పెరిగిన కార్ప్‌కు తెల్లటి ముక్కే ఆ గుర్తు. ఈ నీళ్లలో ఈ చేప ఈ రోజు ఏం తింటోందో గమనించి దాన్ని కట్టడమే ఫ్లై కట్టేవాడి మొదటి పని అని మేము నేర్చుకున్నాం. ఆ నియమాన్ని పురుగుల దగ్గర పాటించి రొట్టె దగ్గర వదిలిపెట్టడానికి నాకు కారణం కనిపించడం లేదు.

పైగా సంప్రదాయం ఆదరించిన ఫ్లైలన్నీ ఆహారాన్ని పోలినవే కావు. అట్లాంటిక్ సాల్మన్ గుడ్లు పెట్టడానికి నదిలోకి తిరిగి వచ్చాక ఆహారం తీసుకోవడం మానేస్తుంది. 19వ శతాబ్దంలో బ్రిటన్‌లో ఆ చేప కోసం దేశదేశాల పక్షుల ఈకలతో, వెండి జరీతో, రంగురంగుల పట్టుతో కట్టిన ఫ్లైలు ప్రకృతిలో ఉన్న ఏ ప్రాణినీ పోలవు. వాటి అందానికి నేనూ తలవంచుతాను. దేన్నీ పోలని ఫ్లైకి పీట వేసినప్పుడు, చేప నిజంగా తినేదాన్ని పోలిన ఫ్లైని గుమ్మం బయట నిలబెట్టడం న్యాయంగా లేదన్నదే నా మాట. ఇటువంటి వాదం కొత్తదీ కాదు. ఇంగ్లండ్‌లోని సుద్దరాతి నేలల వాగుల్లో నీటిమీద తేలే ఫ్లై ఒక్కటే మర్యాద అని ఫ్లై ఫిషింగ్ రచయిత హాల్ఫోర్డ్ అనుయాయులు పట్టుబట్టారు. నీటి అడుగున ఈదే పురుగుపిల్లను కట్టి వేసిన మరో రచయిత స్క్యూస్ తన పద్ధతిని సమర్థించుకోవలసి వచ్చింది, 1938లో లండన్‌లోని ఫ్లైఫిషర్స్ క్లబ్బులో దానిమీద పెద్ద చర్చే జరిగింది. ఈనాడు నీటి అడుగున వాడే ఆ ఫ్లైలు లేని పెట్టె ఎవరి దగ్గరా ఉండదు.

ఈ ఫ్లైలను కట్టడానికి నేర్పు అక్కరలేదన్న ధ్వని కూడా వ్యాసంలో ఉంది. నాకు ఎక్కువ బాధ కలిగించింది అదే కనుక, ఒక రొట్టెముక్క కట్టడంలో ఏముందో చెప్పనివ్వండి.

నా మొదటి రొట్టె ఫ్లైని తెల్లటి నురుగు పలక నుంచి చదరంగా కోసి కొక్కేనికి కట్టాను. అది బెండులా నీటిమీద ఎత్తుగా కూర్చుంది. కార్ప్ చేపలు చుట్టూ ఉన్న అసలు ముక్కలను ఒక్కొక్కటే మింగుతూ వచ్చి, నా ఫ్లై దగ్గర ఆగి, మూతితో ఒకసారి తోసి పక్కకు తిరిగి పోయాయి. ఆ సాయంత్రమంతా అదే జరిగింది. ఇంటికి వచ్చి గాజు గ్లాసులో నీళ్లు పోసి, అందులో ఒక రొట్టెముక్కను, పక్కనే నా ఫ్లైని వేసి చూశాక తప్పు తెలిసింది. రొట్టె నిమిషంలోనే నీళ్లు పీల్చుకుని, పైభాగం నీటిమట్టానికి కొద్దిగా మాత్రమే తేలి, మిగతాదంతా కిందకు వేలాడుతుంది. దాని అంచులు మెత్తబడి పీచులుగా విడుస్తాయి. దాని తెలుపు కూడా తెలుపుగా ఉండదు, దంతపు రంగుకు తిరుగుతుంది. కింది నుంచి చూసే చేపకు కనిపించేది ఆ వేలాడే భాగమే. నా చదరపు నురుగు పైనుంచి చూసే మనిషి కోసం కట్టినది.

అప్పటి నుంచి జింక వెంట్రుకతో కడుతున్నాను. జింక ఒంటిమీది వెంట్రుక లోపల గాలి నిండిన గదులుంటాయి కాబట్టి అది తేలుతుంది, దారంతో బిగిస్తే నలిగి నిక్కబొడుచుకుంటుంది. పెన్సిలంత లావు కుచ్చు కోసి, అడుగున ఉండే మెత్తటి నూగును దువ్వి తీసేసి, కొక్కెపు కాడమీద పెట్టి, రెండు చుట్లు వదులుగా వేసి, తర్వాత నెమ్మదిగా బిగించాలి. బిగించేకొద్దీ వెంట్రుక కాడ చుట్టూ తిరుగుతూ విచ్చుకుంటుంది. దాన్ని వేళ్లతో వెనక్కి అదిమి, దాని ముందు ఇంకొక కుచ్చు, ఆ తర్వాత ఇంకొకటి. అదమడంలో బద్ధకిస్తే కత్తిరించాక మధ్యలో ఖాళీలు బయటపడతాయి, దారం బలహీనమైతే సరిగ్గా చివరి కుచ్చు దగ్గర తెగుతుంది. ఆ తర్వాత రేజరు బ్లేడుతో చెక్కాలి. పైభాగం కురచగా, కిందిభాగం కొంచెం పొడవుగా, అంచు ఎక్కడా గీత గీసినట్టు లేకుండా చెక్కాలి. కానీ కొక్కెపు నోటి దగ్గర వెంట్రుక మిగిలితే చేప పెదవికి కొక్కెం అందదు, కాబట్టి ఆ ఒక్కచోట నున్నగా గొరగాలి. నీటిలో ఫ్లై ఎక్కడ వరకు మునగాలో ఈ చెక్కుడే నిర్ణయిస్తుంది. ఒక్క ఫ్లై సరిగ్గా రావడానికి నాకు ఇప్పటికీ పావుగంటకు పైగా పడుతుంది.

మొక్కజొన్న గింజ చూడడానికి ఇంకా తేలిక, పనిలో ఇంకా కష్టం. పసుపుపచ్చ నూలు చుట్టి కత్తిరిస్తే గింజ ఆకారం వచ్చేస్తుంది. కానీ కార్ప్ చేప అడుగున ఉన్న ఆహారాన్ని కొరికి తీసుకోదు. నోరు ముందుకు చాచి నీటితో సహా లోపలికి పీలుస్తుంది. విడి గింజలు ఆ పీల్పుకు లేచి లోపలికి పోతాయి. నా గింజకు కొక్కెపు ఉక్కు బరువు తోడవుతుంది కనుక అది కదలదు, లేదా ఆలస్యంగా కదులుతుంది, అంతటితో చేపకు అనుమానం వస్తుంది. దీనికి విరుగుడుగా నూలు కింద కొక్కెపు కాడకు చిన్న నురుగు తునక కడతాను. ఎక్కువైతే ఫ్లై తేలిపోతుంది, తక్కువైతే బరువు తగ్గదు. గ్లాసు నీళ్లలో వేస్తే ఫ్లై నిదానంగా దిగి అడుగు తాకీ తాకనట్టు నిలవాలి, గ్లాసును వేలితో తడితే కొద్దిగా లేవాలి. ఆ తూకం కుదిరేదాకా నురుగును గోరంత గోరంత కత్తిరిస్తూ పోతాను. ఇంత సన్నటి తూకం చూసుకోవలసిన పురుగు ఫ్లైలు నాకు చాలా తక్కువ తగిలాయి.

గుడ్డు ఫ్లై గురించి ఎక్కువ చెప్పను. మెత్తటి నూలు పోగులను మధ్యలో గట్టిగా కట్టి, అన్నిటినీ పైకి లాగి, వంపు కత్తెరతో ఒక్క వేటులో కోస్తే, వదలగానే అది బంతిలా విచ్చుకుంటుంది. రెండో వేటు పడితే ఆ గుండ్రదనం మళ్లీ రాదు. ఎంచుకునే నూలును ముందు తడిపి చూడడం మాత్రం మరచిపోకూడదు, ఎందుకంటే పొడిగా లేతగా కనిపించే రంగు తడిశాక చాలా ముదురుతుంది. లోతు నీటిలో ఎరుపు అన్నిటికంటే ముందు మసకబారుతుందన్నదీ గుర్తుంచుకోవాలి.

ఈ ఫ్లైలు మోసపు దగ్గరిదారి అన్న మాటకు ఇంకొక జవాబు చేప నోట్లోనే ఉంది. కార్ప్‌కు పెదవులమీద, మీసాలమీద, నోటి లోపలి అంగిటిమీద రుచి మొగ్గలు దట్టంగా ఉంటాయి. లోపలికి పీల్చినదాన్ని అంగిటితో పరీక్షించి, పనికివచ్చేదాన్ని గొంతులోని దంతాలవైపు పంపి, మిగతాదాన్ని వెంటనే ఉమ్మేస్తుంది. అసలు రొట్టె గుచ్చినవాడికి చేప నములుతున్నంతసేపూ వ్యవధి ఉంటుంది. జింక వెంట్రుకకు రుచీ లేదు, వాసనా లేదు. చేప పెదవులు మూసుకుని తల కిందకు వంచే ఆ కొద్ది క్షణంలోనే గాలం బిగించాలి. ముందు లాగితే నోట్లోంచి ఊడి వస్తుంది, వెనక లాగితే అప్పటికే ఉమ్మేసి ఉంటుంది. అందువల్ల ఫ్లైతో పట్టిన చేపకు కొక్కెం పెదవి దగ్గరే దిగి ఉంటుంది. నిలకడగా వదిలిన అసలు ఎరను చేప లోతుగా మింగి, పేగులదాకా కొక్కెం పోయే ప్రమాదం ఇందులో బాగా తక్కువ. పట్టిన చేపను బతికుండగా తిరిగి వదిలేవారికి ఇది చిన్న విషయం కాదు.

అయితే హద్దు అక్కర్లేదని నేను అనడం లేదు. హద్దు ఉండాలి, అది సరైన చోట ఉండాలి. రొట్టె ఫ్లైని రొట్టె రసంలో ముంచినవాడు, గుడ్డు ఫ్లైకి గుడ్డు నూనె రాసినవాడు నా దృష్టిలో ఎరతోనే పట్టాడు. గాలంతో పట్టిన చేపల ప్రపంచ రికార్డులను నమోదు చేసే, 1939లో ఏర్పడిన అంతర్జాతీయ గేమ్ ఫిష్ అసోసియేషన్, అంటే ఐజీఎఫ్ఏ, ఫ్లై రికార్డుల నియమాల్లో సహజమైన వాసనైనా కృత్రిమమైన వాసనైనా ఫ్లైకి పెట్టకూడదని, ఫ్లైకి అసలు ఎరను తగిలించకూడదని స్పష్టంగా చెప్పింది. ఫ్లై రాడ్‌తో విసరగలిగినంత మాత్రాన ఏదైనా ఫ్లై అయిపోదని కూడా చెప్పింది, దానితోనూ నేను ఏకీభవిస్తాను. ఫ్లైలను మాత్రమే అనుమతించే నీళ్లలో గుడ్డు ఫ్లైనో మరొకదాన్నో నిర్వాహకులు పేరుపెట్టి నిషేధిస్తే, ఆ నీళ్లలో నేను దాన్ని పెట్టెలోంచి తీయను. నియమాన్ని పాటించడానికి దానితో ఏకీభవించి తీరనక్కర్లేదు.

నా అభ్యంతరం పేరు పెట్టకుండా నిషేధించడంమీద. కొన్నేళ్ల కిందట ఒక పోటీలో నేను పట్టిన కార్ప్‌ను లెక్కలోకి తీసుకోలేదు. ఆ పోటీ నియమాల్లో వాసనను, అసలు ఎరను నిషేధించారు తప్ప ఫ్లై దేన్ని పోలాలో ఎక్కడా రాయలేదు. నా ఫ్లై నిర్ణేత చేతిలో పెట్టాను. ఆయన దాన్ని వేళ్లతో విడదీసి, అది వెంట్రుకేనని, వాసన లేదని ఒప్పుకున్నారు. అయినా రొట్టెలా ఉంది కాబట్టి చెల్లదన్నారు. అదే రోజు ఏ ప్రాణినీ పోలని మెరుపుల ఫ్లైతో పట్టిన చేప లెక్కలోకి వచ్చింది. ఓడిపోయినందుకు కాదు, రాసి ఉన్న నియమం కన్నా రాయని అభిరుచి పైచేయి అయినందుకు బాధపడ్డాను.

మా వైపు సరిదిద్దుకోవలసినవీ ఉన్నాయి, అవి దాచడం సరికాదు. నురుగు, కృత్రిమ నూలు, తుడుపుగుడ్డ పోగులు ఈ ఫ్లైలలో ఎక్కువగా వాడుతున్నారు. తెగి నీళ్లలో పోయిన ఫ్లైతో ఆ ప్లాస్టిక్ అక్కడే ఉండిపోతుంది. జింక వెంట్రుక, ఉన్ని, కుందేలు తోలుతో కట్టగలిగినదాన్ని వాటితోనే కట్టాలని నేను నియమం పెట్టుకున్నాను, మొక్కజొన్న ఫ్లైలోని ఆ నురుగు తునకకు మాత్రం ఇంకా ప్రత్యామ్నాయం వెతుకుతున్నాను. బరువు కోసం సీసపు తీగ చుట్టడం మానేయాలి. బ్రిటన్‌లో మింగిన సీసపు గుండ్లవల్ల హంసలు విషమెక్కి చనిపోతుండడంతోనే 1987లో గాలాలకు వాడే చాలా పరిమాణాల సీసపు బరువులను నిషేధించారు. టంగ్‌స్టన్ సీసం కన్నా బరువైనది, సులభంగానూ దొరుకుతుంది. చేపలను రప్పించడానికి సంచులకొద్దీ రొట్టె నీళ్లలో పోయడం కూడా తప్పే. తినగా మిగిలినది కుళ్లి నీటిలోని ప్రాణవాయువును లాగేస్తుంది. నేను చేపలు అప్పటికే పైకి వచ్చి తింటున్న చోటు వెతుక్కుంటాను, లేకపోతే ఆ రోజుకు ఊరుకుంటాను.

వ్యాసకర్తపై నాకు ఏ కోపమూ లేదు. కొత్తవారు ఆయన వ్యాసం చదివి ఈ విద్యలోకి వస్తారు, వారిలో చాలామందికి మొదట చేరువగా ఉండేది స్వచ్ఛమైన కొండవాగూ ట్రౌటూ కాదు, రొట్టె తినే చేపలున్న మామూలు చెరువు. ఆ చెరువు దగ్గర నేర్చుకునేదాన్ని ఫ్లై కాదని చెప్పి వారిని వెనక్కి పంపవద్దని నా విన్నపం. మీ అనుబంధంలో ఫ్లైలు కట్టే పద్ధతిని బొమ్మలతో ప్రచురించబోతున్నట్టు ఆ వ్యాసం కిందే ప్రకటించారు. అందులో నీటి ఈగ పక్కనే జింక వెంట్రుక రొట్టె ఫ్లైకి కూడా ఒక చోటివ్వండి. కుచ్చు కోయడం నుంచి బ్లేడుతో చెక్కడం దాకా ప్రతి దశలోనూ ఆపి ఉంచిన కొక్కేలు నా దగ్గర వరుసగా ఉన్నాయి. మీ చిత్రకారుడికి పనికొస్తాయంటే పంపడానికి సిద్ధంగా ఉన్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు